తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు

(ఊర్లలో నీటి పరీక్షలు చేసే కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. మూడిట్లో నీళ్లనే ముందు పెట్టినం. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి కృష్ణలో 811 టీఎంసీలు ఇస్తే అందులో మన పొలానికి వచ్చిందెంత, మన బిందెకు వచ్చిందెంత అని ఊరూరా అడిగినం. టీఎంసీ అనే మాట ఒకప్పుడు ఇంజనీర్ల నోట్లోనే ఉండేది. ఆర్. విద్యాసాగర్‌రావు గారి వంటి పెద్దలు దాన్ని రచ్చబండ మీదికి తెచ్చిండ్రు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015లో కృష్ణా నీళ్లకు తాత్కాలిక ఏర్పాటు చేసి మనకు 299, ఆంధ్రకు 512 టీఎంసీలు అన్నరు. అది న్యాయమా కాదా అన్న కొట్లాట వేరే ఉన్నది. దాన్ని ఇడిసిపెట్టేది లేదు.

కానీ వాటా లెక్క ఒక్కటే నీళ్ల లెక్క కాదు. వచ్చిన నీళ్లల్లో ఏం కలుపుతున్నరు, ఏం తీస్తున్నరు, ఏం తీయకుండ ఇడుస్తున్నరు అన్నది రెండో లెక్క. మొదటి లెక్క మనకు నోటికి వచ్చు. రెండో లెక్క ఇంకా ప్లాంటు గోడల లోపలనే ఉన్నది. దాన్ని కూడా రచ్చబండ మీదికి తేవాలె. అందుకే ఇవాళ మేము ఒకే ఒక్క సరుకు గురించి చెప్పదలచుకున్నం. దాని పేరు పాలియాక్రిలమైడ్. ప్లాంట్లలో పనిచేసేటోళ్లు దాన్ని ‘పాలీ’ అంటరు, ‘పాలిమర్’ అంటరు. చూస్తే చక్కెర పలుకుల లెక్క తెల్లగ ఉంటది. 25 కిలోల బస్తాల్లో వస్తది. ఇది లేకుండ ఇవాళ పెద్ద పట్నం మురికినీళ్లు శుద్ధి చేసుడు కష్టం, కాగితం చేసుడు కష్టం, బొగ్గు కడుగుడు కష్టం. అయినా దీని గురించి మన భాషలో చెప్పినోళ్లు తక్కువ.

చిల్లగింజ తెలిసినోళ్లకు ఇది కొత్త కాదు

వానకాలం వాగు నీళ్లు ఎర్రగ వస్తే మన అవ్వలు ఏం చేసిండ్రు? చిల్లగింజను కుండ లోపలి గోడకు రాకిండ్రు. కొన్ని గడియల్లో మన్ను అడుగుకు చేరింది, పైన నీళ్లు తేటపడ్డయి. చిల్లగింజ దొరకని కాడ పటిక తిప్పిండ్రు. బెల్లం వండేకాడ చూడుండ్రి. చెరుకు రసం మరుగుతుంటే బెండ జిగురు పోస్తరు. రసంలోని మురికంతా నురగతోని పైకి వస్తది, దేవి పారేస్తరు. ఆ బెండ జిగురు ఏం పని చేసిందో ఇవాళ షుగర్ ఫ్యాక్టరీలో పాలియాక్రిలమైడ్ అదే జాతి పని చేస్తది. రసంలోని మడ్డిని గుత్తులు కట్టించి కిందికి దించుతది. అంటే సూత్రం మనది కాని సూత్రం కాదు. సరుకు మారింది, కొలత మారింది.

ఇప్పుడు మన్ను ఎందుకు దిగదో చూద్దాం. ఇసుక పలుకు అయితే బకెట్లో వేసిన నిమిషంలోనే దిగుతది. కానీ బంకమన్ను రేణువు మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటది. నిలకడ నీళ్లల్లో అది ఒక్క మీటరు దిగాలంటే పది రోజులకు పైనే పడుతది. పైగా ఆ రేణువుల మీద రుణావేశం ఉంటది. ఒక్కదాని మీద ఉన్నదే ఇంకోదాని మీద ఉన్నది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటయి, దగ్గరికి రావు. దగ్గరికి రాకుంటే బరువు కావు. బరువు కాకుంటే దిగవు.

పటిక వేస్తే ఏమైతది? పటికలో ఉన్న అల్యూమినియం ధనావేశంతోని ఆ రుణావేశాన్ని చంపుతది. నెట్టుడు ఆగిపోతది. చిన్న చిన్న గుత్తులు పడుతయి. కానీ ఆ గుత్తులు మెత్తగ, తేలికగ ఉంటయి. ఇక్కడ పాలిమర్ వస్తది. పాలియాక్రిలమైడ్ అంటే ఆక్రిలమైడ్ అనే చిన్న అణువులను లక్షల్లో గొలుసు కట్టిన పొడుగు దారం. ఈ దారం అణుభారం కొన్ని లక్షల నుంచి రెండు కోట్ల దాకా ఉంటది. ఒక్క దారం నీళ్లల్లో ఇచ్చుకుంటే దానికి ఒక కొసన ఒక రేణువు, నడుమ ఇంకోటి, ఆ కొసన మరోటి అంటుకుంటది. అట్లా వందల గుత్తులను ఒక్క కట్ట కడుతది. బీడీల కట్టకు దారం ఎట్లనో దీనికి పాలిమర్ అట్లా. కట్ట బరువైతది, నిమిషాల్లో దిగుతది.

అందుకే ఇది కొంచెమే చాలు. తాగే నీళ్లకు పటిక లీటరుకు పదుల మిల్లీగ్రాముల్లో పడితే, పాలిమర్ మామూలుగ ఒక మిల్లీగ్రాముకు లోపలనే పడుతది. ఎక్కువ వేస్తే ఎక్కువ తేటపడుతదనుకునుడు తప్పు. ఎక్కువైతే దారాలు రేణువుల చుట్టూ కమ్ముకుని వాటిని మళ్లీ విడదీస్తయి. ఇసుక ఫిల్టర్లు జిగురు పట్టి మూసుకుపోతయి. ఎంత వెయ్యాలన్నది జార్ టెస్ట్ చేసి తేల్చాలె. ఆరు గ్లాసుల్లో అదే నీళ్లు పోసి, ఆరు మోతాదులు వేసి, ముందుగాల ఒక నిమిషం జోరుగ తిప్పి, తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగ తిప్పి, అరగంట నిలబెట్టి చూసే పరీక్ష అది. వాగు నీళ్లు వానకాలం ఒక తీరు, ఎండకాలం ఒక తీరు ఉంటయి. ఏడాదికొక్కసారి పరీక్ష చేసి అదే మోతాదు నడిపించే ప్లాంటు, ప్రజల పైసలను, ప్రజల నీళ్లను రెండిటినీ ఆగం చేస్తున్నట్టే.

ఒక్క పేరు, మూడు జాతులు

పాలియాక్రిలమైడ్ అంటే ఒక్కటే సరుకు కాదు. దారం మీద రుణావేశం ఉన్నది ఒక జాతి, ధనావేశం ఉన్నది రెండో జాతి, ఏదీ లేనిది మూడో జాతి. మన్ను, బొగ్గు పొడి, ఖనిజాల మడ్డికి మామూలుగ రుణావేశం జాతి వాడుతరు. మనుషుల మురికి, సూక్ష్మజీవుల మడ్డికి ధనావేశం జాతి వాడుతరు. ఎందుకంటే ఆ మడ్డి మీద రుణావేశం గట్టిగ ఉంటది.

ఈ తేడా ఎందుకు తెలవాలె అంటే, చేపల కోసం. ధనావేశం పాలిమర్ చేప మొప్పలకు అంటుకుంటది. చేపకు ఊపిరాడదు. రుణావేశం జాతితోని ఆ ప్రమాదం చాలా తక్కువ. కాబట్టి ప్లాంటు కాడ ట్యాంకు కడిగిన నీళ్లు, ఒలికిన పాలిమర్ మోరీల గుండా చెరువులోకి పోతున్నయా అని చూడాల్సిన బాధ్యత ఉన్నది. చెరువు మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర అన్నలు ఈ ప్రశ్న అడగాలె. చెరువులో చేపలు తేలితే ‘ఎండకు చచ్చినయి’ అని చెప్పేటోళ్లు ఎప్పుడూ ఉంటరు. ఎండ కూడా చంపుతది, నిజమే. కానీ పైన మోరీ ఏం మోసుకొస్తున్నదో కూడా చూసినంకనే ఆ మాట అనాలె.

పట్నం మురికి, ఫ్యాక్టరీ పని

మూసీ సంగతి మనకందరికీ తెలుసు. పట్నం మురికి మూసీలో కలుస్తది, మూసీ నల్లగొండ పొలాలకు వస్తది. ఆ మురికిని ఆపేటందుకే అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల శుద్ధి కేంద్రం కట్టిండ్రు. ఇట్లాంటి కేంద్రాల్లో నీళ్లు శుద్ధి అయినంక అడుగున మడ్డి మిగులుతది. ఆ మడ్డిలో నూటికి రెండు పాళ్లే గట్టి పదార్థం, మిగతాదంతా నీళ్లే అనుకుందాం. వంద టన్నుల మడ్డి మొయ్యాలంటే పది లారీలు కావాలె. అందులో పాలిమర్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి నీళ్లు పిండితే గట్టి పదార్థం ఇరవై పాళ్లకు వస్తది. వంద టన్నులు పది టన్నులు అయితది. పది లారీల కాడ ఒక్క లారీ చాలు. గట్టి పదార్థం టన్నుకు కొన్ని కిలోల పాలిమర్ పడుతది. ఆ పాలిమర్ పైసలు మిగిల్చుకుందామని మడ్డిని నీళ్లగనే ఇడిసిపెడితే, అది మళ్లీ మూసీలోకే పోతది. అప్పుడు శుద్ధి కేంద్రం కట్టీ కట్టనట్టే.

ఫ్యాక్టరీల్లో దీని పని ఇంకా ఉన్నది. కాగితం చేసేకాడ గుజ్జులోని సన్నపీచు, సుద్దపొడి జాలీ గుండా కారిపోకుండ ఇది పట్టి ఉంచుతది. కాగితం మిల్లు మీద పేరు పెట్టుకున్న కాగజ్‌నగర్ ఉన్న గడ్డ మనది. అక్కడి పిల్లలకైనా ఈ సంగతి బడిలో చెప్పాలె. బొగ్గు కడిగే వాషరీల్లో నల్లనీళ్లలోంచి బొగ్గు పొడిని దించి, అదే నీళ్లను మళ్లీ వాడుకునేటందుకు ఇదే కావాలె. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేకాడ ఎర్రమడ్డి దించేది కూడా ఈ జాతి సరుకే. నిజాం షుగర్స్ బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డది. అట్లా మూతపడ్డ కాడల్లా చెరుకు బండ్లు ఆగుడే కాదు, ఇట్లాంటి పని తెలిసిన ఒక తరం కార్మికుల నైపుణ్యం కూడా ఆగమైతది.

దీనికి ఇంకో గుణం ఉన్నది. నీళ్లను చిక్కగ చేస్తది. చమురు బావుల్లో మామూలు నీళ్లు పంపితే అవి చమురును దాటుకొని ముందుకు ఉరుకుతయి. పాలిమర్ కలిపిన చిక్కటి నీళ్లు పంపితే అవి చమురును ముందుకు నూకుతయి. చైనాలోని డాచింగ్ చమురు క్షేత్రంలో, మన దేశంలో రాజస్థాన్ బార్మేర్‌లోని మంగళ క్షేత్రంలో ఇట్లనే చేసిండ్రు. గొలుసులను ఒకదానికొకటి ముడేస్తే అది కరగని జెల్ అయితది. తార్నాక, ఉప్పల్ చుట్టుపక్కల జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ప్రొటీన్లను వేరుచేసి చూసేది అట్లాంటి జెల్ మీదనే.

రైతుకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలె. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని కింబర్లీలో అక్కడి సర్కారు వ్యవసాయ శాస్త్రవేత్తలు 1990 దశకంలో ఒక పని చేసిండ్రు. సాళ్లలోకి పారే నీళ్లల్లో లీటరుకు 10 మిల్లీగ్రాముల రుణావేశం పాలిమర్ కలిపిండ్రు. సాళ్లలో మన్ను కొట్టుకపోవుడు సగటున నూటికి 94 పాళ్లు తగ్గింది. మన్ను అక్కడనే నిలిచింది, నీళ్లు ఎక్కువ ఇంకినయి. అయితే అక్కడ ఒక షరతు పెట్టిండ్రు. ఆ పాలిమర్‌లో కలవని ఆక్రిలమైడ్ 0.05 శాతం దాటొద్దు. ఈ అంకె గుర్తు పెట్టుకోండ్రి. మళ్లీ దీని కాడికే వస్తం.

విషం గొలుసులో లేదు, మిగిలిన గింజలో ఉన్నది

పాలిమర్ దారం చాలా పెద్దది. తాగినా పేగుల గోడ దాటి లోపలికి పోదు. దానితోని పెద్ద భయం లేదు. భయం ఉన్నది దాన్ని తయారు చేసిన ఆక్రిలమైడ్‌తోని. గొలుసు కట్టేటప్పుడు కొన్ని గింజలు గుచ్చబడకుండ మిగులుతయి. ఆ మిగిలిన గింజ చిన్నది, నీళ్లల్లో పూర్తిగ కరుగుతది, ఇసుక ఫిల్టర్‌లో ఆగదు. నరాలను దెబ్బతీస్తది. క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ 1994లో దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగ ఉన్న 2ఎ వర్గంలో పెట్టింది.

స్వీడన్‌లో జరిగింది చెప్తం. 1997లో హల్లాండ్సోస్ అనే గుట్ట కింద రైలు సొరంగం తవ్వుతున్నరు. నీళ్లు ఊరుతుంటే ఆపేటందుకు ఆక్రిలమైడ్ ఉన్న మందును రాతి పగుళ్లలోకి ఎక్కించిండ్రు. అది సరిగ గట్టిపడక నీళ్లల్లోకి కారింది. వాగు నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయినయి. చేపలు చచ్చినయి. సొరంగంలో పనిచేసిన కార్మికుల్లో చేతులు కాళ్లు తిమ్మిర్లు పట్టినోళ్లు ఉన్నరు. పని ఆపేసిండ్రు. ఆ కార్మికుల నెత్తురు పరీక్ష చేస్తూ, పోల్చి చూసేటందుకు ఆ మందు ముట్టని మనుషుల నెత్తురు కూడా చూసిండ్రు. వాళ్లలోనూ కొద్దిగ ఆక్రిలమైడ్ జాడ కనబడ్డది. ఎక్కడిదని వెతికితే 2002లో తేలింది. ఆలుగడ్డ వంటివి బాగ వేడిలో వేయించినా, కాల్చినా అదే పుడుతదని. అంటే మనం నీళ్ల గురించి భయపెట్టేటందుకు ఇది చెప్తలేం. చిప్స్ పొట్లంలో ఉన్నంత ఆక్రిలమైడ్ సరిగ శుద్ధి చేసిన నీళ్లల్లో ఉండదు. కానీ చిప్స్ తినుడు మానుకోవచ్చు. నీళ్లు తాగుడు మానుకోలేం. అందుకే నీళ్ల లెక్క గట్టిగ ఉండాలె.

లెక్క చేద్దాం. కష్టమేం లేదు. లీటరు నీళ్లకు ఒక మిల్లీగ్రాము పాలిమర్ వేసినమనుకో. ఆ పాలిమర్‌లో మిగిలిన ఆక్రిలమైడ్ 0.05 శాతం ఉన్నది. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. వెయ్యిలో 0.05 శాతం అంటే సగం మైక్రోగ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీళ్లకు పెట్టిన సూచన అంకె ఇదే, లీటరుకు 0.5 మైక్రోగ్రాము. అమెరికా నిబంధన కూడా ఇదే లెక్క, 0.05 శాతం సరుకు, లీటరుకు ఒక మిల్లీగ్రాము. ఐరోపా దేశాలు ఇంకా బిగించి 0.1 మైక్రోగ్రాము అన్నయి. ఇప్పుడు ఎవడో కాంట్రాక్టరు చవకగ వస్తదని 0.1 శాతం ఉన్న ఫ్యాక్టరీ సరుకు తెచ్చి, జార్ టెస్ట్ చేయకుండ లీటరుకు రెండు మిల్లీగ్రాములు వేసిండనుకో. రెండు మైక్రోగ్రాములు అయితది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకెకు నాలుగింతలు. నీళ్లు మాత్రం అద్దం లెక్క తేటగనే ఉంటయి. చూస్తే ఎవరికీ తెల్వది. మేము చెప్పేది ఇదే. అమెరికాలో చేనుకు పారే నీళ్లకు కూడా 0.05 దాటొద్దన్నరు. మన బిడ్డలు తాగే నీళ్లకు వేసే సరుకు ఏ గ్రేడో మనకు కాగితం మీద కనబడాలె.

మేము చూసిన ఒక మంచినీళ్ల ప్లాంటులో బస్తా మీద గ్రేడు లేదు, తయారీ తేదీ లేదు. పనిచేసే పిల్లగాణ్ని అడిగితే ‘పాలిమర్ అంటరు సార్, పైనుంచి పంపిస్తరు’ అన్నడు. తప్పు ఆ పిల్లగానిది కాదు. ఆయనకు చెప్పినోళ్లు లేరు.

ఏం చేయలేదో తెలవాలె

ఇప్పుడు అసలు మాటకు వస్తం. పాలిమర్ కలుపు నీళ్లను తేట చేస్తది. కానీ నీళ్లల్లో కరిగిపోయిన దాన్ని తీయలేదు. ఉప్పు కరిగితే తీయలేదు. ఫ్లోరైడ్ కరిగితే తీయలేదు. మందుల ఫ్యాక్టరీ రసాయనం కరిగితే చాలా మట్టుకు తీయలేదు. దారం రేణువును పట్టుకుంటది, కరిగిపోయిన దాన్ని పట్టుకోదు.

నల్లగొండ బోరు నీళ్లు ఎట్లుంటయి? తేటగ ఉంటయి. బిందె అడుగు కనబడుతది. ఆ తేట నీళ్లు తాగే మునుగోడు, మర్రిగూడ పక్క తరాలకు తరాలు నడుములు వంగినయి, పండ్లు గార పట్టినయి. భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దిక్కు లేకుంటే 1.5 దాకా. దాన్ని తీసేటందుకు నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు 1970 దశకంలో ఒక పద్ధతి తయారుచేసిండ్రు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే ఆ పద్ధతిని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటది. మన జిల్లా పేరు శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది, మన జిల్లా మనుషుల నడుములు మాత్రం లేవలేదు. ఆ పద్ధతిలో ఫ్లోరైడ్‌ను పట్టేది పటికలోంచి వచ్చిన అల్యూమినియం. పాలిమర్ ఉంటే ఆ గుత్తులు తొందరగ దిగుతయి, అంతే. ఒట్టి పాలిమర్ వేసి ‘ఫ్లోరైడ్ పోయింది’ అని ఎవరన్న చెప్తే నమ్మొద్దు. 2016లో మొదలైన మిషన్ భగీరథ చేసిన అసలు పని శుద్ధి చేసుడు ఒక్కటే కాదు, బోరును ఇడిసి నది నీళ్లు తెచ్చుడు. ఫ్లోరైడ్‌కు అదే సరైన మార్గం. కానీ నల్లా ఆగిన రోజు మనిషి మళ్లీ బోరు కాడికే పోతడు. అందుకే బోరు పరీక్ష ఆపొద్దు.

రెండోది పటాన్‌చెరు. అక్కడి పరిశ్రమల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడ్డది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రం నడుస్తుండంగ, స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లు పరీక్ష చేసి 2007లో ప్రచురించిండ్రు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా దొరికింది. మనిషికి జబ్బు చేస్తే నెత్తురులో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. గుర్తుంచుకోండ్రి, అవి శుద్ధి అయిన నీళ్లు. మడ్డి దిగినంక వచ్చిన నీళ్లు. అట్లాంటి నీళ్లల్లో పెరిగిన సూక్ష్మజీవికి మందు పనిచేయకుండ పోతది. రేపు మన బిడ్డకు జ్వరమొస్తే అదే మందు పనిచేయదు. ప్రపంచానికంతా మందులు చేసిచ్చిన గడ్డ, తన బిడ్డలకు మందు పనిచేయని గడ్డ కావొద్దు.

కాబట్టి ఫ్యాక్టరీ ఆసామి గ్లాసులో తేట నీళ్లు పట్టుకొచ్చి ‘చూడుండ్రి, ఎంత శుభ్రం’ అని చూపిస్తే మోసపోవద్దు. మడ్డి తీసుడు ఒక మెట్టు. కరిగిన ఉప్పు తీసుడు వేరే మెట్టు, దానికి పొరల ఫిల్టర్లు, ఆవిరి యంత్రాలు కావాలె. మందు రసాయనం తీసుడు ఇంకో మెట్టు. అన్నిటికంటే ముందు మెట్టు, అది నీళ్లల్లో కలవకుండ ఫ్యాక్టరీ లోపలనే ఆపుడు. చవకైన మొదటి మెట్టు ఎక్కి మేడ ఎక్కినమనేటోళ్లను నిలదీయాలె.

బస్తా విప్పేటోని సంగతి

ప్లాంటులో బస్తా విప్పేది ఎవరు? కాంట్రాక్టు కార్మికుడు. వాళ్ల కోసం నాలుగు మాటలు. పొడి లేచినప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలె, చేతికి గ్లౌజులు ఉండాలె. పొడి కింద పడితే వెంటనే నీళ్లు కొట్టొద్దు. నీళ్లు తగిలిందంటే నేల సబ్బు కంటే జారుతది, మెట్ల మీద పడితే నడుములు విరుగుతయి. ముందు ఊడ్చి తీయాలె, తడిసిన దాని మీద ఇసుకనో రంపపు పొట్టో చల్లి ఎత్తాలె. కలిపేటప్పుడు సుడి తిరిగే నీళ్లల్లో కొంచెం కొంచెం చల్లాలె. ఒక్కసారి కుమ్మరిస్తే లోపల తడవని ముద్దలు కడుతయి, వాటిని చేపకన్నులంటరు. ఆ ముద్దలు పనికిరావు, పైపులు మూసుకుపోతయి. అరగంట నుంచి గంట దాకా మెల్లగ తిప్పాలె. జోరుగ తిప్పితే గొలుసులు తెగుతయి. దారం తెగితే కట్ట కట్టదు.

ఇవన్నీ బస్తాతో పాటు రావాల్సిన భద్రతా పత్రంలో ఉంటయి. అది ఇంగ్లిష్‌లో, అదీ ఆఫీసు బీరువాలో ఉంటే ఎవరికి లాభం? తెలుగులో, ఉర్దూలో, వలస వచ్చిన కార్మికుల కోసం హిందీలో, ఒడియాలో గోడ మీద ఉండాలె. ఇది దయ కాదు, హక్కు.

మనం అడగాల్సినవి

మీరు రేపటి నుంచి ఊర్లలో పరీక్షలు చేస్తరు. నాలుగు అంకెలు మీ చేతిలో ఉండాలె. కలుపు 1 యూనిట్, తప్పనప్పుడు 5 దాకా. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, తప్పనప్పుడు 2000 దాకా. ఫ్లోరైడ్ 1, తప్పనప్పుడు 1.5. నల్లా కొసన క్లోరిన్ కనీసం 0.2. పాలిమర్ మొదటిదాన్నే సరిచేస్తది. మిగతా మూడు వేరే వేరే పనులు. ఒక్క పరీక్ష చూసి ‘మంచినీళ్లు’ అని రాయొద్దు.

తర్వాత సమాచార హక్కు చట్టం, 2005 చేతిలో ఉన్నది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలె. మన మంచినీళ్ల ప్లాంటు మీద ఈ ప్రశ్నలు వేయండ్రి. పాలిమర్ వాడుతున్నరా, లేదా? వాడితే ఏ జాతి, ఏ గ్రేడు? తాగే నీళ్ల రసాయనాలకున్న ఎన్‌ఎస్‌ఎఫ్ 60 వంటి ప్రమాణపత్రం ఉన్నదా? మిగిలిన ఆక్రిలమైడ్ శాతం ఎంతని తయారీదారు రాసిచ్చిండు? లీటరుకు ఎంత వేస్తున్నరు? జార్ టెస్ట్ రిజిస్టర్ ఏది? అడుగు మడ్డి ఎక్కడ పోస్తున్నరు? ఏడు ప్రశ్నలు. జవాబు వస్తే గ్రామసభలో చదవండ్రి. ఆ ప్లాంటులో పనిచేసే ఇంజనీర్లు, ఆపరేటర్లు మన శత్రువులు కాదు. వాళ్లలో చాలామంది మన ఉద్యమంలో సకల జనుల సమ్మె చేసినోళ్లే. మనం అడిగితే పైవాళ్ల కాడ మంచి సరుకు కోసం వాళ్లు గట్టిగ అడగగలుగుతరు.

అన్నలారా, అక్కలారా! పాలిమర్ చెడ్డది కాదు, మంచిదీ కాదు. కత్తిపీట లెక్క అది పనిముట్టు. పట్టుకునేటోని చేతిని బట్టి, ఎంత, ఎక్కడ అన్న తెలివిని బట్టి దాని గుణం. ఆ తెలివి టెండరు రాసేటోళ్ల కాడనే ఉంటే నీళ్లు మన వాటాకు వచ్చినా మన చేతికి రానట్టే. టీఎంసీని నేర్చుకున్నం, మైక్రోగ్రామును కూడా నేర్చుకుందాం. ఎన్ని నీళ్లు అని అడిగిన నోటితోనే ఎట్లాంటి నీళ్లు అని కూడా అడుగుదాం.

జై తెలంగాణ!